సీఓపీడీకి ఇన్‌హేలరు వాడుతున్నవారు చైనా సంప్రదాయ మూలికల పొడి కూడా తీసుకోవచ్చా?

పొద్దుతిరుగుడు (ప్రశ్న):

అందరికీ నమస్కారం. మా నాన్నగారికి 64 ఏళ్లు. చాలా కాలం సిగరెట్లు తాగి, ఆయాసం మొదలయ్యాక మానేశారు. ఛాతీ వైద్యులు స్పైరోమెట్రీ అనే ఊపిరి పరీక్ష చేసి సీఓపీడీ (శ్వాసనాళాలు ఇరుకై గాలి సరిగా ఆడని దీర్ఘకాలిక జబ్బు) అని నిర్ధారించారు. రోజూ రెండు పూటలా పీల్చడానికి ఫార్మోటెరాల్ ఉన్న ఇన్‌హేలరు, ఆయాసం ఎక్కువైనప్పుడు వాడుకోవడానికి సాల్బుటమాల్ రాశారు. రక్తపోటుకు వేసుకునే మాత్రలో హైడ్రోక్లోరోథయాజైడ్ కూడా ఉంది.

ఇటీవల దగ్గరి బంధువు ఒకరు ఊపిరితిత్తులను శుద్ధి చేస్తుందంటూ ఒక మూలికల పొడి డబ్బా పంపించారు. ఉదయం, సాయంత్రం వేడినీళ్లలో కలుపుకొని ఆరు నెలలపాటు మానకుండా తాగాలని దానిపై రాసి ఉంది. మా హువాంగ్, షింగ్ రెన్, గాన్ త్సావో, జీ గెంగ్, చ్వాన్ బేయ్ మూ అనే అయిదు పేర్లు ఇచ్చారు గానీ ఏది ఎంత కలిపారో ఎక్కడా లేదు. గాన్ త్సావో అంటే మనకు తెలిసిన అతిమధురం జాతిదేనని వెతికితే తెలిసింది. మిగిలినవి నాకు కొత్త.

రెండు వేల ఏళ్లుగా మనుషులు తాగుతున్న కషాయాల్లో చెడు ఏముంటుందని నాన్నగారి వాదన. ఆ వైద్యాన్ని తీసిపారేయడం నా ఉద్దేశం కాదు. ఇన్‌హేలరుతో పాటు ఈ పొడి తీసుకుంటే ప్రమాదం ఉందా, ప్రమాదం లేకపోయినా ఉపయోగం ఏమైనా కనబడుతుందా అన్నదే నా సందేహం. తెలిసినవారు వివరించగలరు.

ఆకుపచ్చ:

పొద్దుతిరుగుడు గారూ, నేను చైనా సంప్రదాయ వైద్యం చదువుకున్నాను కాబట్టి ఆ వైపు నుంచే చెబుతాను. ఆధునిక వైద్యం మాట పక్కన పెట్టి, ఆ సంప్రదాయం పెట్టుకున్న నియమాలతోనే చూసినా ఈ పొడి మీ నాన్నగారికి తగినది కాదు.

ఊపిరితిత్తులకు మంచి మూలిక ఏది అన్న ప్రశ్నకు ఆ వైద్యంలో సమాధానం ఉండదు. దగ్గుతో వచ్చిన మనిషిని చూసినప్పుడు వైద్యుడు ముందు తెలుసుకునేది ఆ దగ్గు నాలుగు రోజులదా, నాలుగేళ్లదా, కఫం తెల్లగా పల్చగా వస్తోందా, పసుపుపచ్చగా చిక్కగా వస్తోందా, అసలు రాకుండా గొంతు ఎండిపోతోందా, ఊరికే కూర్చున్నా చెమట పడుతోందా అన్న సంగతులు. ఆ తరువాత నాలుక మీది పూతను, నాడిని చూసి, అప్పుడు యోగం, అంటే ఏ మూలికలు కలపాలో, నిర్ణయిస్తారు. ఒకే దగ్గుకు ఇద్దరికి రెండు వేర్వేరు యోగాలు ఇవ్వడం అక్కడ మామూలు.

మీరు చెప్పిన పేర్లలో మొదటి మూడు కలిస్తే సాన్ ఆవ్ తాంగ్ అనే పాత యోగం అవుతుంది. సోంగ్ వంశపు కాలంలో ప్రభుత్వ ఔషధశాల తయారు చేయించిన సంకలనంలో అది ఉంది. దానికే షి గావ్ అనే జిప్సం చేరిస్తే మా షింగ్ షి గాన్ తాంగ్. ఇది ఇంకా పాతది, హాన్ వంశపు చివరి రోజుల్లో ఝాంగ్ ఝోంగ్‌జింగ్ అనే వైద్యుడు రాసిన షాంగ్ హాన్ లున్ గ్రంథంలోది. ఈ రెండూ కొత్తగా పట్టిన జబ్బుకు కొద్ది రోజులు ఇచ్చి ఆపేసేవి. బలం తగ్గిన మనిషి పడే ఆయాసానికి, తనంతట తానే చెమట పట్టేవారికి మా హువాంగ్ ఇవ్వకూడదని సంప్రదాయమే కట్టడి చేసింది. ఏళ్ల తరబడి ఆయాసపడుతున్న పెద్దవయసు మనిషికి ఆరు నెలలపాటు మా హువాంగ్ తాగించమని చెప్పే వైద్యుణ్ణి నేను ఆ సంప్రదాయంలో చూడలేదు.

కాచే పద్ధతిలో కూడా ఆ జాగ్రత్త ఉంది. మా హువాంగ్‌ను ముందు విడిగా మరిగించి, పైకి తేలిన నురుగును తీసి పారబోసి, ఆ తరువాతే మిగిలిన మూలికలు వేయాలని షాంగ్ హాన్ లున్ చెబుతుంది. ఆ నురుగు లోపలికి పోతే మనసు స్థిమితం తప్పుతుందని పాతవారి అభిప్రాయం. వేడినీళ్లలో కలుపుకొనే పొడిలో ఇవేవీ ఉండవు. చైనా ఔషధ ప్రమాణ గ్రంథం మా హువాంగ్‌కు రోజుకు 2 నుంచి 10 గ్రాముల హద్దు పెట్టింది. పాళ్లు రాయని డబ్బాలో ఆ హద్దు ఎక్కడుందో ఎవరికి తెలుస్తుంది?

చ్వాన్ బేయ్ మూ గురించి ఒక మాట. సిచువాన్, టిబెట్ పీఠభూముల ఎత్తైన చోట్ల దొరికే చిన్న గడ్డ అది, బాగా ఖరీదైనది, అందుకే దాని పేరుతో చవక రకాలు అమ్మడం ఎక్కువ. మేలు రకం గడ్డలో పెద్ద రెబ్బ ఒకటి చిన్న రెబ్బను చుట్టుకొని ఉంటుంది. చంద్రుణ్ణి ఒడిలో పొదువుకున్నట్టుందని వ్యాపారులు దాన్ని గుర్తుపడతారు. పొడి కొట్టాక ఆ గుర్తు మిగలదు.

పాతబడిన దగ్గుకు ఆ వైద్యం వేరే దారి పడుతుంది. తరచూ జలుబు పట్టి, కొద్ది శ్రమకే ఆయాసం వచ్చేవారికి హువాంగ్ చీ, బాయ్ జూ, ఫాంగ్ ఫెంగ్ కలిసిన యూ పింగ్ ఫెంగ్ సాన్ ఇస్తారు. కఫం లేకుండా గొంతు ఎండి దగ్గేవారికి మాయ్ మెన్ దోంగ్ ప్రధానంగా ఉన్న కషాయం ఇస్తారు. అదే మాయ్ మెన్ దోంగ్‌ను కఫం ఎక్కువగా పడేవారికి ఇస్తే కఫం ఇంకా పెరుగుతుందని వారి లెక్క. మీ నాన్నగారు వీటిలో ఏ కోవకు చెందుతారో మనిషిని చూడకుండా చెప్పలేను, చెప్పకూడదు కూడా.

తూనికరాళ్లు:

నేను ఔషధశాస్త్రం చదివి మందుల మధ్య వైరుధ్యాలు చూసే పనిలో ఉన్నాను. ఆకుపచ్చ గారు సంప్రదాయం వైపు నుంచి వద్దన్నదానినే నేను మందుల వైపు నుంచి వద్దంటాను, మరికాస్త గట్టిగా.

మా హువాంగ్‌లో పనిచేసే ముఖ్య పదార్థం ఎఫెడ్రిన్. జపాన్ శాస్త్రవేత్త నగాయ్ నగయోషి 1885లో దాన్ని వేరుచేశారు. 1920లలో పెకింగ్ యూనియన్ మెడికల్ కాలేజీలో కె. కె. చెన్, కార్ల్ ష్మిట్ దాని ప్రభావాన్ని జంతువులపై పరిశీలించి ప్రచురించిన తరువాత ప్రపంచమంతటా ఆస్తమాకు వాడారు. అంటే ఈ మూలిక శ్వాసనాళాలను నిజంగానే వదులు చేస్తుంది. మీ నాన్నగారు తాగి చూస్తే మొదట్లో హాయిగానే అనిపించవచ్చు. చిక్కంతా అక్కడే ఉంది, ఎందుకంటే ఎఫెడ్రిన్ శ్వాసనాళాల దగ్గర ఆగదు. గుండె వేగాన్ని, రక్తపోటును పెంచుతుంది, నిద్ర చెడగొడుతుంది, ప్రోస్టేట్ గ్రంథి పెరిగిన పెద్దవయసు మగవారికి మూత్రం ఆగిపోయేలా చేయగలదు. ప్రధానంగా శ్వాసనాళాల మీద పనిచేసే సాల్బుటమాల్ వంటివి వచ్చాక వైద్యులు ఎఫెడ్రిన్‌ను వదిలేయడానికి కారణం ఇదే. మీ నాన్నగారు ఇప్పటికే ఫార్మోటెరాల్, సాల్బుటమాల్ పీలుస్తున్నారు. అదే దారిలో గుండెను తరిమే మరో మందును, అదీ కొలత తెలియకుండా, పైన చేర్చడం అవుతుంది. ఎఫెడ్రిన్ కలిసిన ఆహార అనుబంధాలను అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2004లో నిషేధించింది.

అతిమధురం ఇంటి మూలిక కదా అని చాలామంది తేలికగా తీసుకుంటారు. నాకు మాత్రం ఈ డబ్బాలో మా హువాంగ్ తరువాత దాని మీదే ఎక్కువ దిగులు. మూత్రపిండాల్లో కార్టిసాల్ అనే హార్మోనును పనిచేయకుండా ఆపి ఉంచే ఒక ఎంజైము ఉంటుంది. అతిమధురంలోని గ్లైసిరైజిన్ ఆ ఎంజైమును అడ్డుకుంటుంది. అప్పుడు కార్టిసాల్, ఒంట్లో ఉప్పును నిలిపే ఆల్డోస్టిరాన్ అనే మరో హార్మోను చేయవలసిన పనికి పూనుకుంటుంది. ఒంట్లో ఉప్పు, నీరు నిలిచిపోయి రక్తపోటు పెరుగుతుంది, పొటాషియం మూత్రంలో పోతుంది. హైడ్రోక్లోరోథయాజైడ్ కూడా పొటాషియాన్ని బయటికి పంపేదే. ఫార్మోటెరాల్, సాల్బుటమాల్ రక్తంలోని పొటాషియాన్ని కణాల్లోకి నెడతాయి. ఈ మూడూ ఒకే మనిషిలో కలిసినప్పుడు పొటాషియం ప్రమాదకరంగా పడిపోయి గుండె లయ తప్పవచ్చు, కండరాలు నీరసించవచ్చు. అసలే ఆయాసపడేవారికి ఊపిరి పీల్చే కండరాలు నీరసించడం ఎంత చేటో వేరే చెప్పనక్కర్లేదు. గ్లైసిరైజిన్ రోజుకు 100 మిల్లీగ్రాములు మించకూడదని యూరప్ ఆహార శాస్త్ర సంఘం సూచించింది. మీ డబ్బా ఆ లెక్క ఇవ్వదు.

షింగ్ రెన్ అంటే ఆప్రికాట్ గింజలోని పప్పు. చేదు రకంలో అమిగ్డలిన్ ఉంటుంది, దాని నుంచి ఒంట్లో సైనైడ్ పుడుతుంది. మోతాదు మించితే విషమే. జీ గెంగ్ గురించి ఇంత భయం అక్కర్లేదు, దానిలోని సాపోనిన్లు కఫాన్ని పల్చబరుస్తాయని చెబుతారు.

గోడగడియారం:

పై రెండు సమాధానాలూ విలువైనవే గానీ, ఇద్దరూ ఈ పొడి గురించి మీ బంధువు చెప్పిన మొదటి మాటను వదిలేశారు. ఊపిరితిత్తులను శుద్ధి చేయడం అంటే ఏమిటి?

శ్వాసనాళాల లోపలి గోడల మీద శైలికలనే అతి సన్నని రోమాలుంటాయి. అవి ఎడతెగకుండా ఊగుతూ, కఫంలో చిక్కుకున్న దుమ్మును, మసిని గొంతు దాకా తోస్తాయి. సిగరెట్ పొగ వాటిని మొద్దుబారుస్తుంది, మానేశాక అవి కొంతవరకు కోలుకుంటాయి. మానేసిన కొత్తలో దగ్గు పెరిగినట్టు కొందరికి అనిపించడానికి అదొక కారణం. మీ నాన్నగారు సిగరెట్లు మానేసిన రోజునే ఆ శుద్ధి మొదలైంది. గోడలు తెగి ఒకదానిలో ఒకటి కలిసిపోయిన వాయుగోణులు (ఊపిరితిత్తుల్లోని చిన్న గాలి సంచులు) మాత్రం మళ్లీ కట్టుకోవు, ఏ పొడీ వాటిని కట్టలేదు.

ఆధారాల విషయానికొస్తే, యూ పింగ్ ఫెంగ్ సాన్ వంటి యోగాలపై సీఓపీడీ రోగుల్లో పరీక్షలు జరిగాయి, జబ్బు ఒక్కసారిగా ముదిరే సందర్భాలు తగ్గాయని కొన్ని చెప్పాయి కూడా. అయితే ఈ రంగంలోని పరీక్షల్లో చాలావరకు చిన్నవి. ఎవరికి అసలు మందు అందుతోందో, ఎవరికి ఉత్తుత్తి మందు అందుతోందో రోగికి తెలియకుండా దాచడం కషాయాల విషయంలో కష్టం, ఎందుకంటే ఆ వాసనను, చేదును నకలు చేయడం తేలిక కాదు. ఇంకా ముఖ్యంగా, వాటిలో ఎక్కువ భాగం మామూలు చికిత్సకు అదనంగా మూలికలు ఇచ్చి చూసినవే. ఇన్‌హేలరు ఆపేసి మూలికలు వాడవచ్చని వాటి నుంచి ఎవరూ తేల్చలేరు.

ఆరు నెలల ఓపిక ఉన్న మనిషికి ఆ ఓపికను పెట్టుకోవడానికి మంచి చోట్లున్నాయి. శ్వాస వ్యాయామాలు, నడక, కండరాల బలం కలిపి నేర్పే పల్మనరీ రిహాబిలిటేషన్ శిక్షణ ఆయాసాన్ని తగ్గిస్తుందనడానికి గట్టి ఆధారం ఉంది. ఫ్లూ, న్యుమోనియా టీకాలున్నాయి. ఇన్‌హేలరు పీల్చే పద్ధతి సరిగా ఉందా అన్నది ఒకసారి దగ్గర కూర్చొని చూడండి. స్ప్రే రకమైతే ముందు ఊపిరి పూర్తిగా వదిలి, మెల్లగా లోతుగా పీలుస్తూ డబ్బా నొక్కి, పది అంకెలు లెక్కపెట్టే దాకా బిగపట్టాలి. పొడి రకమైతే మెల్లగా కాదు, ఒక్కసారిగా బలంగా పీల్చాలి. ఈ రెంటినీ తారుమారు చేసేవారు చాలామంది, మందు గొంతులోనే ఆగిపోయి, ఇన్‌హేలరు పనిచేయడం లేదని మరో మందు వెతుక్కుంటారు.

ఆకుపచ్చ:

గోడగడియారం గారితో చాలావరకు ఏకీభవిస్తాను, ఒక్క సంగతి తప్ప. పరీక్షలు బలహీనంగా ఉన్నాయనడం వేరు, మూలికలో ఏమీ లేదనడం వేరు. మీరు రెండోది అనలేదు గానీ, చదివేవారు అలా అర్థం చేసుకునే అవకాశం ఉంది. ఎఫెడ్రిన్ ఆ సంప్రదాయపు మూలిక నుంచే వచ్చింది. నాలుగో శతాబ్దపు చైనా వైద్యుడు గె హోంగ్ గ్రంథంలోని ఒక వాక్యం చైనా శాస్త్రవేత్త థూ యోయోకు ఆర్టెమిసినిన్ అనే మలేరియా మందు వైపు దారి చూపింది, ఆమెకు 2015లో నోబెల్ బహుమతి వచ్చింది.

గోడగడియారం:

ఆ రెండు ఉదాహరణల్లోనూ మూలికలోని పదార్థాన్ని వేరుచేసి, కొలిచి, పరీక్షించాకే మందుగా నిలబెట్టారు. కొలత లేని డబ్బాకు ఆ గౌరవాన్ని అరువివ్వలేం.

పొద్దుతిరుగుడు:

అందరికీ కృతజ్ఞతలు. సమాధానాలన్నీ నాన్నగారికి చదివి వినిపించాను. మా హువాంగ్ సంగతి విని ఆ డబ్బాను పక్కన పెట్టారు. ఇప్పుడు మరో మాట అంటున్నారు. మా హువాంగ్ లేనివి ఏవైనా తీసుకుంటే అభ్యంతరం ఏమిటని, కార్డిసెప్స్ (గొంగళిపురుగు మీద పెరిగే ఒక శిలీంధ్రం) గుళికలు గానీ, లోకాట్ అనే పండ్ల చెట్టు ఆకు, తేనె కలిపిన సిరప్ గానీ తెప్పించమని అడుగుతున్నారు. వీటిలో కూడా ఏదైనా మెలిక ఉందా? డబ్బా పక్కన పెట్టడానికి ముందు ఆయన కొన్నాళ్లు ఆ పొడి తాగారు, అందుకు ఇప్పుడు చేయవలసింది ఏమైనా ఉందా?

పాతబీరువా:

మూలిక మంచిదా చెడ్డదా అన్నదానికి ముందు, డబ్బాలో ఉన్నది ఆ మూలికేనా అన్న ప్రశ్న ఉంది. 1990ల మొదట్లో బ్రస్సెల్స్‌లో సన్నబడటానికి ఇచ్చిన గుళికల్లో హాన్ ఫాంగ్ జీ అనే మూలికకు బదులు, పేరులో పోలిక ఉన్న గ్వాంగ్ ఫాంగ్ జీ కలిసింది. రెండోదానిలో అరిస్టోలోకిక్ ఆమ్లం ఉంటుంది. వంద మందికి పైగా మూత్రపిండాలు దెబ్బతిన్నాయి, కొందరికి తరువాత మూత్రనాళాల క్యాన్సర్ వచ్చింది. అదే ఆమ్లం ఉన్న మా దోవ్ లింగ్ అనే కాయను దగ్గుకు, ఆయాసానికి తరతరాలుగా వాడారు, 2020 ఔషధ ప్రమాణ గ్రంథం నుంచి చైనాయే దాన్ని తొలగించింది. రెండు వేల ఏళ్ల వాడుక గురించి మీ నాన్నగారు అన్నమాటకు నా సమాధానం ఇది. తాగిన వెంటనే కడుపు తిప్పే మూలికను సంప్రదాయం పట్టుకోగలదు. ఏళ్ల తరువాత మూత్రపిండాలను, క్యాన్సర్ రూపంలో ప్రాణాన్ని తీసే మూలికను పట్టుకోవడం అనుభవం ఒక్కదానితో సాధ్యపడదు.

మంచి ప్రమాణాలతో తయారైన యోగం కూడా ఊపిరితిత్తులకే హాని చేసిన సందర్భం ఉంది. జపాన్‌లో షో సాయికో తో అనే యోగాన్ని కాలేయ జబ్బుకు విస్తారంగా ఇచ్చేవారు. దానివల్ల ఇంటర్‌స్టీషియల్ న్యుమోనియా (ఊపిరితిత్తుల కణజాలం వాచే జబ్బు) వచ్చి కొందరు మరణించడంతో 1996లో అక్కడి ఆరోగ్య శాఖ అత్యవసర హెచ్చరిక జారీ చేసింది. చైనాలో దాని మూల యోగం షియావ్ చాయ్ హు తాంగ్. కొత్త మూలిక మొదలుపెట్టాక పొడి దగ్గు, జ్వరం, ఆయాసం పెరిగితే, జబ్బు బయటికి వెళ్లిపోతోందని సరిపెట్టుకోకుండా వెంటనే ఆపి వైద్యుల దగ్గరికి వెళ్లాలి.

కార్డిసెప్స్ విషయంలో, దీర్ఘకాలం వాడితే ఆర్సెనిక్ మోతాదు మించే ప్రమాదం ఉందని 2016లో చైనా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థే హెచ్చరించింది. బరువు కోసం దానిలో సీసపు తీగలు దూర్చి అమ్మిన సందర్భాలూ నమోదయ్యాయి. నేనైతే దాని జోలికి వెళ్లను.

తూనికరాళ్లు:

సిరప్ గురించి, ఆ పొడి తాగిన రోజుల గురించి చెబుతాను.

లోకాట్ ఆకు వెనుక వైపు దట్టమైన నూగు ఉంటుంది. కాచే ముందు దాన్ని తోమి తీసేయాలి, లేదా ఆకును గుడ్డలో కట్టి మరిగించాలి, లేకపోతే ఆ నూగే గొంతును గీరి దగ్గు తెప్పిస్తుంది. కాబట్టి ఆకులు కొని ఇంట్లో ప్రయోగాలు చేయడం కంటే సిరప్ నయం. గొంతు గరగరకు నాలుగైదు రోజులు వాడుకుంటే సాధారణంగా ఇబ్బంది ఉండదు గానీ, రెండు సంగతులు చూసుకోండి. చాలా దగ్గు సిరప్‌లలో అతిమధురం కూడా ఉంటుంది, పదార్థాల పట్టికలో ఆ పేరు కనిపిస్తే మీ నాన్నగారికి వద్దు. తేనె, చక్కెర మోతాదు ఎక్కువ కాబట్టి మధుమేహం ఉంటే ఆ లెక్క కూడా చూడాలి. ఇది గొంతుకు ఉపశమనం మాత్రమే, సీఓపీడీకి చికిత్స అనుకోవద్దు.

తాగిన పొడి విషయంలో, డబ్బాను పారేయకుండా ఛాతీ వైద్యుల దగ్గరికి తీసుకెళ్లి చూపించండి. ఎన్నాళ్లు, రోజుకు ఎన్ని చెంచాలు తాగారో చెప్పండి. రక్తపోటు చూపించి, రక్తంలో పొటాషియం పరీక్ష, అవసరమని వారంటే ఈసీజీ చేయించండి. అతిమధురం ప్రభావం మానేసిన మర్నాడే పోదు, కొందరిలో వారాలు పడుతుంది, అందువల్ల పరీక్ష ఒకసారి బాగుందని వదిలేయకుండా మళ్లీ ఎప్పుడు చేయించాలో అడగండి. ఈలోగా గుండెదడ, కాళ్లలో నీరసం, మూత్రం సాగకపోవడం కనిపిస్తే తదుపరి అపాయింట్‌మెంట్ దాకా ఆగవద్దు. కఫంలో రక్తం, కారణం లేకుండా బరువు తగ్గడం, విశ్రాంతిలో కూడా ఆయాసం ఉంటే అప్పుడూ అంతే. ఇన్‌హేలర్లను, రక్తపోటు మాత్రను వైద్యులు చెప్పకుండా ఒక్క పూట కూడా మానవద్దు.

ఇంత చెప్పినా మీ నాన్నగారు ఆ వైద్యాన్నే ప్రయత్నించాలనుకుంటే, ఆకుపచ్చ గారు చెప్పినట్టు మనిషిని చూసి యోగం రాసే శిక్షణ పొందిన వైద్యుణ్ణే కలవండి. ప్రతి మూలిక పేరు, గ్రాముల లెక్క కాగితం మీద రాయించుకొని, మొదటి మోతాదు వేసుకోకముందే ఆ కాగితాన్ని ఛాతీ వైద్యులకు చూపించండి. ఆ కాగితం రాయనన్నవారి దగ్గర మందు తీసుకోకండి.